కదలని గీత

జూలై 3

షట్టర్ పోయింది. డోర్నకల్ పెళ్లిలో, సరిగ్గా తలంబ్రాల వేళ. టక్కుమని ఒక చప్పుడు... తర్వాత కంటి ముందు చీకటి. అక్కడ పెళ్లికూతురి దోసిలి నిండా బియ్యం, ఇక్కడ నా చేతిలో ఇనుపముద్ద. అజ్మత్ అన్న తన మెడలోని రెండో కెమెరా తీసి దాదాపు నా మీదికి విసిరేశాడు. "తియ్ చెల్లే, తియ్... మొకం గట్ల పెట్టకు, పెండ్లోళ్లు చూస్తాన్రు." తీశాను. ఒక్క గింజ కూడా వదల్లేదు.

కాశిబుగ్గలో ఆయన స్టూడియోలోనే నేను కెమెరా పట్టడం నేర్చుకున్నాను. తిరుగు రైల్లో ఆయనతోనే పందెం కాశాను – ఆల్బమ్ మొదటి పేజీలో నా తలంబ్రాలే ఉంటాయని. నవ్వాడు గానీ కాదనలేదు. కాదనడు. ఆయనకు తెలుసు.

జూలై 4

రిపేరు షాపు. మూత విప్పాడు, చూశాడు, మూత పెట్టాడు. "దీనికి పార్టులు వస్తలేవు మేడం." అంతే. ఇన్నేళ్ల తోడు... బీరువాలో అమ్మ పట్టుచీరల పక్కన పెట్టాను. కాసేపు ఏడుపొచ్చింది. వస్తే వచ్చింది.

జూలై 6

మిర్రర్‌లెస్సే కొనాలి. అది తేలిపోయింది. లోపల అద్దం ఎగిరిపడే కెమెరాల కాలం అయిపోయి ఎన్నాళ్లో అయింది, నేనే పాతదాన్ని పట్టుకుని వేలాడాను. ఇక ఏది కొనాలన్న దగ్గర ఊరంతా పండితులే. యూట్యూబ్‌లో ఒకడు అరుస్తాడు. పెళ్లిళ్లలో డ్రోన్ ఎగరేసే మనిషి కూడా ఆపి మరీ సలహా ఇస్తాడు. అజ్మత్ అన్నది ఒకటే మాట – "నా కంపెనీదే తీస్కో. నా లెన్సులన్నీ నీయే అనుకో. ఇగ ఫికరేంది?"

చిన్న మాట కాదు అది. ఒక కంపెనీ కెమెరా కొంటే ఆ ఇంటికి కాపురానికి పోయినట్టే. లెన్సు వాళ్లదే, ఫ్లాష్ వాళ్లదే, బ్యాటరీ కూడా వాళ్లదే. తర్వాత నచ్చలేదని వెనక్కి రావడం మహా కష్టం.

అందుకే నాకేం కావాలో నేనే రాసుకుంటున్నాను, ఎవరూ అడక్కపోయినా. నా చేయి చిన్నది కాదు. చిన్నప్పటి నుంచీ మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేయి, వేళ్లు పొడుగు. చిటికెన వేలు గాలిలో వేలాడే కెమెరా నాకొద్దు. కళ్లజోడు తీయకుండానే ఫ్రేము నాలుగు మూలలూ కనపడాలి. ఇంకా... చప్పుడు కావాలి. చప్పుడే లేని షట్టర్ వచ్చిందని అందరికీ సంబరం. నాకు లేదు. క్లిక్కుమన్నాకే మనుషుల భుజాలు దిగుతాయి, అయిపోయిందనుకుని ఊపిరి వదులుతారు. అప్పుడు తీసేదే అసలు ఫొటో. ఈ రహస్యం అజ్మత్ అన్నకు కూడా చెప్పలేదు.

జూలై 7

హైదరాబాద్ నుంచి ఒక మేడం ఫోన్. చేనేత వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. బాపు నేసిన జంపఖానా ఎవరింట్లోనో చూసిందట, వెతుక్కుంటూ నా నంబరు పట్టుకుంది. బాపు సొంత డిజైన్లు అయిదు పెడతానంది. ప్రతి ఫొటో కింద నేసినవారి పేరు వేస్తుందట.

పేరు!

కొత్తవాడలో పుట్టి, కొత్తవాడలోనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికిన మనిషి. ఎవరో ఇచ్చిన చారలు, ఎవరో చెప్పిన రంగులు నేసి నేసి... కిందెక్కడా పేరు లేదు. మా బాపు జంపఖానా మీద ఎంతమంది కూర్చుని భోంచేసి ఉంటారో, ఒక్కరికీ ఆయన పేరు తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది. ఫొటోలు నావి, నేత ఆయనది. రాస్తుంటేనే ఛాతీ ఉబ్బుతోంది.

షరతు కూడా పెట్టింది. "మా కస్టమర్లు జూమ్ చేసి మరీ చూస్తారమ్మా. లోపం ఉన్న పీసు ఒక్కటున్నా మొత్తం వద్దంటాను." నెలాఖరుకు ఫొటోలు చేరాలి. నాలుగు తయారుగా ఉన్నాయి. అయిదోది, పెద్దది, మగ్గం మీద ఉంది. నేలంతా నీలం, అంచుకు నారింజ రంగు మెట్ల డిజైను.

బాపుకు చెప్పాను. కాసేపటికి అమ్మతో గుసగుసగా – "పూర పేరేస్తరా, ఇంటిపేరు గూడనా?"

జూలై 10

హనుమకొండలో ఒక కెమెరా అద్దెకు తెచ్చాను. అజ్మత్ అన్న కంపెనీదే, అందులో అన్నిటికంటే ఖరీదైనది. వాళ్లింట్లో దీన్ని మించింది లేదట. నేను పెట్టిన పేరు – జమీందారు. పట్టుకుంటేనే తెలుస్తుంది, దర్జా. చిటికెన వేలు హాయిగా కూర్చుంది. చూసిన ప్రతిదాన్నీ గోటితో గీసినంత పదునుగా తీస్తుంది. అమ్మ ముక్కుపుడక తీస్తే దాని రాయిలో మా ఇంటి కిటికీ కనిపించింది!

బాపుకు చూపించి గొప్పలు పోయాను. "మన కండ్లకు ఆననిది గూడ ఇది చూపిస్తది బాపూ." బాపు కెమెరాను రెండు చేతులతో తీసుకుని, పసిపిల్లను అందుకున్నట్టు, మళ్లీ జాగ్రత్తగా ఇచ్చేశాడు.

ఇదే కొంటాను. దాదాపు ఖాయం.

జూలై 11

పొద్దున మగ్గం మీది నీలం జంపఖానాను స్టూలెక్కి పైనుంచి తీశాను. కార్డు ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఫొటోలు తెరిచి, టైమైపోతోందని ఓణీల ఫంక్షన్‌కు పరిగెత్తాను. నేను చూసుకోలేదు.

సాయంత్రం వచ్చేసరికి ఇంట్లో మగ్గం చప్పుడు లేదు.

బాపు మగ్గం గుంట పక్కన కింద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో నీలం నూలు కుప్ప. వారం రోజుల నేత... పేక పోగులన్నీ ఊడదీసేశాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు దగ్గర.

"ఏమైంది బాపూ?"

"నా పంజ దెబ్బ ఒక్క తీరుగ పడ్తలేదు బిడ్డా. నీ ఫొటోల చూసిన. అడ్డంగ గీతలే గీతలు. పచ్చగ, గులాబీగ... అలలోలె. నాకు ఆనుతలేదు, దానికి ఆనింది."

"ఎక్కడ? మగ్గం మీద ఉన్నయా గవి?"

"లేవు. ఉంటయ్, నా కండ్లకు ఆనవు. నువ్వే అంటివి గదా."

నేనే అన్నాను.

జూలై 12

ఫొటో చూశాను. నిజమే. నీలం నేల మీద ఆకుపచ్చ, గులాబీ అలలు. సబ్బు నీళ్ల మీద తేలే రంగుల్లా. పూర్తి సైజులో పెద్దది చేసి చూసినా ఉన్నాయి. బాపు ఎన్ని ఏళ్లు నేసినా ఆ రంగులు పుట్టవు, మా ఇంట్లో ఆ రంగు నూలే లేదు!

ఇది నాకు తెలిసిన జబ్బే. సన్నటి పోగులు వరుసగా ఉన్న గుడ్డ, కెమెరా లోపలి సన్నటి గళ్లు... రెండూ ఒకదాని మీద ఒకటి పడితే లేని గీతలు పుడతాయి. పెళ్లికొడుకు సన్నచారల చొక్కా మీద ఎప్పుడో ఒకసారి చూశాను. పాత కెమెరా ఇంత ఘోరంగా ఎన్నడూ చేయలేదు. ఊడదీయగా మగ్గం మీద మిగిలిన నీలం ముక్కను ఒకసారి తీసి, మూడు అడుగులు వెనక్కి జరిగి ఇంకో ఫొటో తీశాను. గీతలు వేరే చోటికి పోయాయి.

బాపుకు చెప్పాను. తల ఊపాడు. ఊపిన తీరు నాకు నచ్చలేదు. "నువ్వు నా బిడ్డవు. నువ్వట్లనే అంటవ్."

కోపం వచ్చింది. ఆయన మీద కాదు.

జూలై 13

బాపు మగ్గం మీద కూర్చున్నాడు. ఊడదీసిన చోటి నుంచి నేత మొదలుపెట్టాడు. ఇనుప పంజాతో పోగును లోపలికి కొడితే వచ్చే చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇవాళ అది వేరేగా ఉంది. గట్టిగా, ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టు. కొన్ని వరసలే. లేచి వెళ్లిపోయాడు.

జూలై 14

మగ్గం చప్పుడు లేదు.

జూలై 15

లేదు. అమ్మ అడిగింది – "ఇగ బంద్ జేస్తడా ఏంది మీ బాపు? ఎన్కట జ్వరమొచ్చినా ఆపలేదు." బాపు అరుగు మీద కూర్చుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. అది చూడలేకపోయాను.

మేడం నుంచి మెసేజ్, అయిదోది ఎంతవరకు వచ్చిందని. నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

జూలై 16

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

నేను చెప్తే బాపు నమ్మడు. ఓదారుస్తున్నాననుకుంటాడు. మరి ఎవరు చెప్తే నమ్ముతాడు? స్నానం చేస్తుంటే తట్టింది. తల తుడుచుకోకుండానే వచ్చి ట్రంకుపెట్టె తెరిచాను. తాత నేసిన జంపఖానా. ఎరుపూ తెలుపూ. బాపుకు లోకంలో కొలమానం అదొక్కటే. దాని మీద నీళ్లు పోస్తే కిందికి దిగాలా వద్దా అని ఆలోచిస్తాయట, నేత అంత గట్టిదట. ఎవరి పనిని మెచ్చుకున్నా చివరికి "మా నాయిన దాని లెక్క గాదు గానీ" అనే మాట తగిలించకుండా ఉండడు.

డాబా మీద పరిచాను. జమీందారుతో తీశాను. బాపును పిలిచాను.

"ఇదెవలు నేసిన్రు బాపూ?"

"గదేంది, ఎర్కలేదా? మా నాయిన."

ఫొటో చూపించాను. ఎరుపు మీద ఆకుపచ్చ అలలు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. బాపు ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. జంపఖానా వైపు చూశాడు. మళ్లీ వంగాడు. మోకాళ్ల మీద కూర్చుని తాత నేతను అరచేత్తో నిమిరాడు. ముఖం ఎర్రబడింది.

"మా నాయిన చెయ్యి గట్ల పోదు."

"మరి గీతలున్నయ్ గదా."

"గీ కెమెర దొంగది!"

మెట్ల మీద అమ్మ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు, నవ్వితే ఏడుస్తాను. కెమెరా బాపు చేతికిచ్చి, వెనక స్క్రీన్ చూస్తూ నడవమన్నాను. ఒక అడుగు ముందుకు వేశాడు. "అరె... ఉర్కుతానయ్!" ఇంకో అడుగు. వెనక్కి. మళ్లీ ముందుకు. తాత జంపఖానా చుట్టూ ప్రదక్షిణ చేసినంత పని చేశాడు. గీతలు ఆయన కాళ్లతో పాటే పరిగెత్తాయి.

అప్పుడు నిలబడి, నాకే పాఠం చెప్తున్నట్టు – "నేతల తప్పుంటే ఉన్నకాడ్నే ఉంటది. ఎటు పోయినా కదలది. గివి కదుల్తానయ్. గివి నావి గావు."

"నీవి కావనే చెప్తాన గదా నాలుగొద్దుల సంది!"

"నువ్వు చెప్తే ఏమాయె. చూడాలె గదా." కెమెరా నా చేతిలో పెట్టాడు. "దీన్ని వాపస్ ఇచ్చి రా. ఇంట్ల ఉంచకు."

మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే మగ్గం చప్పుడు. పాత చప్పుడు. ఈ చప్పుడు వింటూ రాస్తున్నాను. ఇంత తెలివైన కూతురు బాపుకు ఇంకొకరు లేరు (నేనొక్కదాన్నే కాబట్టి కూడా).

జూలై 18

ఇక నాకు కావలసిందేమిటో తేలింది. పట్టు, కళ్లజోడు, చప్పుడు – అవన్నీ ఉండాలి, సరే. అన్నిటికంటే ముందు మా నేతను ఉన్నది ఉన్నట్టు చూపాలి. దానికి లొంగని కెమెరా ఎంత గొప్పదైనా మా గడప తొక్కదు.

తాత జంపఖానా చుట్ట చుట్టి, స్కూటీ ముందు పెట్టుకుని, జమీందారును వాపస్ ఇవ్వడానికి హనుమకొండ షాపుకు పోయాను. నేల మీద పరిచేశాను. లోపలికి వచ్చిన ఒకాయన తొక్కబోయి, ఆగి, చెప్పులు విప్పి పక్కనుంచి పోయాడు. ఆయనకు మనసులో దండం పెట్టుకున్నాను. షాపు ఓనరుకు మాత్రం నా వాలకం అర్థం కాలేదు.

"మేడం, అందరు మనుషుల మొకాల మీద టెస్టు చేస్తరు. మీరేంది, చెద్దరు మీద?"

"చెద్దరు కాదన్నా, జంపఖానా. మా తాతది. ఒక్కొక్కటి తియ్యి, చూస్తా."

తీశాడు. ఒకటి బుజ్జిది, పాతకాలం కెమెరాల రూపంలో ముద్దుగా ఉంది. దాని రంగులు బాగున్నాయి, నా చిటికెన వేలు గాలిలోకి పోయింది, గీతలూ వచ్చాయి. పక్కన పెట్టాను. జమీందారు తమ్ముళ్లిద్దరు – గీతలు. ఇంకో కంపెనీ కొత్తది – గీతలు, పైగా దాని వ్యూఫైండర్ నా కళ్లద్దాలకు ఆనుకుంటే మూలలు మాయం. ఓనరుకు విసుగు. నాకు లేదు. మంచి చీర కోసం అమ్మ షాపంతా దింపించినప్పుడు నేను ఎన్నిసార్లు పక్కన కూర్చోలేదు!

చివరికి నేనే అడిగాను. ఈ లేని గీతలను ఆపే పలచటి ఫిల్టర్ అద్దం సెన్సర్ ముందు ఉన్న మోడల్ ఉందా అని. ఇప్పుడు పదును కోసం చాలా కంపెనీలు ఆ అద్దం తీసేస్తున్నాయి. ఓనరు పై అరలోంచి ఒకటి దింపాడు. "ఉంది గానీ... పాత మోడల్ మేడం. ఎవలు అడుగుతలేరు. జర మెత్తగ వస్తది."

బరువుగా ఉంది. అందం లేదు. చేతిలో పెట్టుకోగానే నాలుగు వేళ్లూ సర్దుకున్నాయి. కళ్లజోడుతోనే మూలలన్నీ కనిపించాయి. నొక్కితే గదంతా వినపడేలా ఒక క్లిక్కు. తాత జంపఖానా స్క్రీన్ మీద – ఎరుపు ఎరుపుగా, తెలుపు తెలుపుగా. ముందుకు నడిచాను, వెనక్కి నడిచాను, పక్కకు వంగాను. ఒక మూల చాలా సన్నగా ఏదో మెదిలిందేమో అనిపించింది, పెద్దది చేస్తే అదీ లేదు.

మెత్తగా వస్తుందట. రానీ. అబద్ధం చెప్పే పదును నాకెందుకు?

పేరు కూడా షాపులోనే పెట్టేశాను. మేనత్త. మా మేనత్త కూడా ఇంతే, లావుగా ఉంటుంది, మొహమాటం లేకుండా ఉన్నది ఉన్నట్టు అంటుంది.

జూలై 20

మేనత్త ఇంటికొచ్చింది. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. లెన్సు ఒక్కటే కొన్నాను. చాలు.

అజ్మత్ అన్నకు ఫోన్. కొన్నది ఏదో చెప్పాను. వెంటనే – "గా పాతదా చెల్లే? నా లెన్సులు ఒక్కటి దానికి పట్టవు. అక్కర పడితే ఎవలను అడుగుతవ్?" ఆయన గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది, అది నాకు తెలుసు. ఆయన అల్మారా నాకు ఎప్పుడూ తెరిచే ఉండేది. ఆ తలుపు నేనే మూసుకున్నట్టయింది. కొంచెం భయం కూడా వేసింది, ఇక్కడ ఒప్పుకుంటాను.

"నా లెన్సులు నేనే కొనుక్కుంటానన్నా." గట్టిగానే అన్నాను. భయం ఫోన్‌లో వినపడలేదనుకుంటా.

జూలై 23

వానలు. బాపు నేస్తున్నాడు. నూలు కొంచెం బిగుసుకుందని సణుగుతున్నాడు. సణుగుతున్నాడంటే బాగున్నాడని.

జూలై 24

అజ్మత్ అన్న వచ్చాడు. ఊరికే, దారిలో ఉంటే అన్నాడు. కాశిబుగ్గ నుంచి కొత్తవాడ ఏ పని లేకుండా దారిలో ఎందుకు పడుతుందో అడగలేదు. టీ తాగుతూ మేనత్తను చేతిలోకి తీసుకున్నాడు. అమ్మ చీర అంచు తీశాడు. పెద్దది చేసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"జరీ మీద నాకు ఎప్పటికి రంగులు చెదురుతయ్. కంప్యూటర్ల కూసొని తుడుస్తా. దీన్ల వస్తలేదు."

"అవునా అన్నా?" నా ముఖం ఎంత అమాయకంగా పెట్టానో.

"నవ్వకు. శ్రావణంల పెండ్లిళ్లున్నయ్ గదా. పెండ్లికూతురు చీరలు నువ్వు తియ్. మొకాలు నేను తీస్తా."

ఆయన గేటు దాటేదాకా ఆగాను. తర్వాత వంటింట్లోకి పోయి అమ్మను పట్టుకుని గిరగిరా తిప్పాను.

జూలై 28

నీలం జంపఖానా మగ్గం దిగింది. బాపు కొసలు ముడివేస్తుంటే నేనూ అమ్మా చూస్తూ కూర్చున్నాం. వానకు ముందరి ఆకాశం రంగు. ఇంతకంటే గొప్పది ఈ కొత్తవాడలో ఎవరైనా నేశారా? నేశారేమో. నేను చూడలేదు.

జూలై 29

పొద్దున వాన తెరిపిచ్చింది. డాబా మీద మబ్బు వెలుగు – ఫొటోలకు ఇంతకంటే మంచిది దొరకదు. నాలుగూ తీశాను. ఒక్కోటీ ముద్దొచ్చేలా. మేనత్త తన మాట నిలబెట్టుకుంది.

అయిదోది. నీలం. తీశాను, స్క్రీన్ చూశాను.

గీత.

అడ్డంగా, ఒక చోట, చుట్టుపక్కల కంటే కాస్త ముదురు నీలం. మళ్లీ అదే గోల అనుకున్నాను. రెండు అడుగులు ముందుకు. ఉంది, అక్కడే. వెనక్కి. అక్కడే. పక్కకు వచ్చి, వంగి, మోకాళ్ల మీద... అక్కడే. కెమెరా పక్కన పెట్టి చేత్తో తడిమాను. ఆ వరసలు గట్టిగా, ఒత్తుగా ఉన్నాయి. మామూలు కంటితో వెతికితే కష్టం మీద కనపడుతుంది. వేలికి మాత్రం బాగా తెలుస్తుంది.

ఏ చోటో నాకు తెలుసు. బాపు ఊడదీసి, మళ్లీ కూర్చుని, పంజాతో కసిగా కొట్టిన రోజుది. లేని తప్పుకు భయపడి కొట్టిన దెబ్బ ఇది. జమీందారు చెప్పిన అబద్ధం చివరికి నిజమై కూర్చుంది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎవరిని తిట్టాలి?

బాపుకు చెప్పలేదు. మధ్యాహ్నమంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ గీత తుడిచేయడానికి ఎంతసేపు? పెళ్లికూతుళ్ల మొటిమలు ఎన్ని తుడవలేదు! పక్క నీలం తెచ్చి మీద పూస్తే అయిపోతుంది. పూశాను కూడా. బాగుంది. ఎవరూ పట్టలేరు.

సేవ్ చేయలేకపోయాను.

జూలై 30

బాపు అడిగాడు. "ఫొటోలు పంపినవా?" ఇంకా లేదన్నాను. "ఎందుకు?" ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. తుడవనిదే తెరిచి చూపించాను.

చూశాడు. కళ్లు చికిలించి, వేలు గీత మీద పెట్టాడు.

"కదుల్తాందా?"

"కదుల్తలేదు బాపూ."

లేచి జంపఖానా దగ్గరికి పోయాడు. కళ్లు మూసుకుని అరచేత్తో పైనుంచి కిందికి నిమిరాడు. ఆ చోటికి రాగానే చేయి ఆగింది. అక్కడే ఉంచాడు. నా భయమంతా ఒకటే – మళ్లీ అరుగు మీద కూర్చుని చేతులు చూసుకుంటాడేమో, మగ్గం మళ్లీ మూగబోతుందేమో.

"అయితే గిది నాదే," అన్నాడు. మామూలుగా. ఇంకా చెప్పాలంటే కొంచెం ధీమాగా. తప్పు దొరికిందని కాదు... తన చేతికి అది తెలిసిందని. చూపు మసకబారిందేమో అనుకున్న మనిషికి చేయి ఇంకా సరిగ్గా చెప్తోంది.

అమ్మ మెల్లగా అంది – "కంప్యూటర్ల తుడిస్తే పోతదట గదా. పోరిని తుడవమను. ఆ మేడం అన్నీ వద్దంటే?"

"అప్పుడు లేని గీతలు పెట్టింది ఒక కెమెర. ఇప్పుడు ఉన్న గీత మనం తీసేసుడా?" బాపు నా వైపు తిరిగాడు. "కింద పేరు నాదే గదా ఏసేది?"

"నీదే బాపూ. ఇంటిపేరుతో."

"గీత గూడ నాదే. ఉండనియ్."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి మనిషి కడుపున పుట్టాను.

జూలై 31

పొద్దున పంపాను. అయిదూ. నీలం దాని గీత వేరేగా, దగ్గరగా తీసి అది కూడా పెట్టాను. రెండు లైన్లు రాశాను – ఒక చోట దెబ్బ గట్టిగా పడింది, అది కెమెరా లోపం కాదు, నేతదే, చూసి మీరే నిర్ణయించండి అని. పంపే ముందు ఇంకోసారి చదువుకున్నాను. ఒక్క లోపానికి మొత్తం వద్దంటానంది కదా. నాలుగు మచ్చలేనివి కూడా పోతాయి. బాపు పేరు పోతుంది. తుడిచింది ఇంకా తెర మీద పక్కనే ఉంది... మూసేశాను.

మధ్యాహ్నం దాటాక మెసేజ్ పక్కన రెండు నీలం టిక్కులు. చూసింది. జవాబు లేదు.

కాసేపు ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాను. మళ్లీ తిప్పాను. లేదు.

లోపల బాపు కొత్త పడుగు ఎక్కిస్తున్నాడు. ఈసారి ఎరుపట. తాత ఎరుపు. ఎవరికని అడిగితే, "ఎవలకైతేంది" అన్నాడు. పోగులు సరిచూస్తూ తల ఎత్తకుండానే –

"ఏమన్నది మేడం?"

"ఇంకేమనలేదు బాపూ. చూస్తాంది."

"చూడనియ్."